కలిగిరి జత నడిచిన ఆమడలు

మా అన్న పోయి చాలా ఏళ్ళయింది. పోయేదాకా ఆయన ఒకే మాట చెప్పాడు, ఆ ఎద్దు నా నోటివల్ల చచ్చిందని. ఇప్పుడు ఆయన కొడుకులు చెబుతున్నారు. వాళ్ళు ఆ ఎద్దును చూడలేదు, అప్పటికి పుట్టలేదు కూడా. చూసినవాళ్ళలో మిగిలింది నేను ఒక్కడినే కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చదివినవాళ్ళు నన్ను మెచ్చుకోనక్కరలేదు. ఎద్దు కాళ్ళ సంగతి తెలుసుకుంటే చాలు.

మాది ఉదయగిరి కొండ కింద, వరికుంటపాడు వైపు పోయే దారిలో ఒక పల్లె. మా నాయన పశువులను చూడడంలో పేరున్నవాడు. చుట్టుపక్కల ఎవరు ఎద్దును కొనాలన్నా నాయనను వెంటబెట్టుకుని పోయేవారు. అన్నకు ఆ విద్య పట్టలేదు. ఓపిక లేదు. నాకు పట్టింది. అన్నకు ఇది మొదటినుంచీ కంటగింపే. నాయన నలుగురిలో నన్ను పిలిచి, "నువ్వు చూడరా" అన్నప్పుడల్లా ఆయన పక్కకు తిరిగి గొంతు సవరించుకునేవాడు.

నాయన నేర్పినది ఇది. ఎద్దు వయసు వేరు, అది నడిచిన నడక వేరు. వయసు నోట్లో తెలుస్తుంది. పాలపళ్ళు పోయి రెండు పళ్ళు, నాలుగు, ఆరు, ఎనిమిది వస్తాయి. ఆ తర్వాత పళ్ళు అరుగుతాయి. అది చాలామందికి తెలుసు. నడక మాత్రం కాళ్ళలో ఉంటుంది. ఒకే ఈడు ఎద్దులు రెండు ఉంటాయి. ఒకటి చేలోకీ ఇంటికీ తిరిగినది, ఇంకొకటి రోడ్డు మీద ఆమడల కొద్దీ బరువు లాగినది. పళ్ళు చూస్తే రెండూ ఒకటే. కొన్నవాడు మాత్రం ఒకదానితో పదేళ్ళు దున్నుతాడు, రెండోదాన్ని మరుసటేడే పూడ్చిపెడతాడు. అందుకని నాయన నోరు అన్నిటికంటే చివర చూసేవాడు. మొదట ఎద్దు వెనకే నడిచేవాడు. గిట్ట ఎక్కడ అరిగిందో, మోకాలు ఎలా వంగుతోందో, పడుకున్నది లేచేటప్పుడు వెనక కాళ్ళు ఎంతసేపు వెతుక్కుంటాయో చూసేవాడు.

ఇంకొక పద్ధతి ఉంది. మా వైపు ఎద్దు ముందు దాని వయసు నోటితో చెప్పరు. ఎద్దు వింటుందనీ, విన్నప్పటినుంచి కుంగిపోతుందనీ నమ్మకం. తుండుగుడ్డ కప్పుకుని, దాని కింద చేతిలో చెయ్యి పెట్టి చెబుతారు. వేలు పట్టుకుంటే వయసు. వేలి కణుపు నొక్కితే నడక. గట్టిగా నొక్కితే ఆ ఎద్దు చాలా దూరం పోయి వచ్చినట్టు. బేరం కూడా ఆ గుడ్డ కిందే. నాయన బతికినన్నాళ్ళూ నేను ఈ పద్ధతి తప్పలేదు.

ధాత సంవత్సరంలో మొదలైన కరువులో నాయన పోయాడు. మొదట మా ఎద్దులు పోయాయి. ఇంటికప్పు పీకి వాటికి వేశాం. నాగజెముడు ముళ్ళు కాల్చి పెట్టాం. ఒకటి కొట్టంలోనే పడిపోయింది. రెండోదాన్ని తోలు కోసం తీసుకుపోయారు. ఆ రోజు నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత గంజి కోసం తప్ప లేవలేదు. రెండో వేసవి దాటలేదు.

ఆ తర్వాత వాన వచ్చింది. ఆశ్వయుజంలో నాలుగు రోజులు పట్టి కురిసింది. మా రేగడి చేను నల్లగా, మెత్తగా, మోకాటి లోతు తేమతో ఎదురుచూస్తూ ఉంది. ఇంట్లో విత్తనపు జొన్నలు ఒక కుండలో ఉన్నాయి. మూతికి మట్టి మెత్తి, ఆకలికి ఎవరు ఏడ్చినా పగలగొట్టనివ్వకుండా అమ్మ కరువంతా దాని పక్కనే పడుకుంది. ఆ తేమలో గింజ పడితే మేము బతుకుతాం. పడకపోతే కుండ పగలగొట్టి విత్తనాలు తినాలి. తిన్న తర్వాత ఇక ఏమీ లేదు. రేగడి పదునంటే వారం పది రోజులు. ఆలోపల మాకు ఒక జత ఎద్దులు కావాలి.

ఇంట్లో మిగిలిన ఇత్తడినీ కంచునూ గోతంలో కట్టుకుని అన్నా నేనూ ఆత్మకూరు సంతకు పోయాం. అమ్మ పెళ్ళినాటి గంగాళం కూడా అందులో ఉంది. దారి పొడవునా అన్న ముందు నడిచాడు, గోతం నేను మోశాను. తిరిగి వచ్చేటప్పుడు మారుస్తానన్నాడు.

సంతలో పశువులు కొన్నే ఉన్నాయి. ఉన్నవి కర్రలకు తోలు కప్పినట్టు ఉన్నాయి. జనం నోళ్ళు తెరిచి చూసి వదిలేసి పోతున్నారు. చివర ఒక జత కనిపించింది. ఒకదానికి కొమ్ము విరిగింది. రెండోది పొట్టిది, మొహం మీద మచ్చలు. పళ్ళు చిగుళ్ళదాకా అరిగి ఉన్నాయి. చూసినవాళ్ళంతా ముసలివని పోతున్నారు. నేను వాటి కాళ్ళు ఎత్తి చూశాను. గిట్టలు గుండ్రంగా, అంచు విరగకుండా ఉన్నాయి. నాలుగడుగులు నడిపించాను. వెనక కాలు ముందు కాలి అడుగులో పడింది. మోకాళ్ళు శుభ్రంగా ఉన్నాయి. అప్పుడు అర్థమైంది. కరువులో ఇవి ఇసుక అంటిన కప్పుగడ్డి, వేళ్ళు, మట్టి నమిలి పళ్ళు అరగదీసుకున్నాయి. నోరు ముసలిది, కాలు పడుచుది. ఆ రెండేళ్ళలో పళ్ళు అబద్ధం చెప్పడం నేర్చాయి.

దళారి నా వెనకే నిలబడి ఉన్నాడు. "ఏంది అబ్బయా, చూసిందే చూస్తాండావు? ఎద్దుకు పిల్లనిస్తావా ఏంది?" అన్నాడు.

"నడిపించి చూస్తాండాను."

"నడిపించు, నడిపించు. ఊరికేగదా. సాయంత్రందాకా నడిపించి అలిసిపోయినాయని ధర తగ్గించమంటావు."

నేను తుండుగుడ్డ కప్పి అన్న చెయ్యి పట్టుకున్నాను. ఏడేళ్ళు దాటలేదని వేళ్ళు పట్టి చెప్పాను. కణుపు తాకీ తాకనట్టు తాకాను. నాయన చేతికి అది చాలేది. అన్న చెయ్యి లాక్కున్నాడు.

"దీని మొహం చూడరా. దీన్ని తోలుకొని ఊళ్ళోకి పోతే కుక్కలు కూడా మొరగవు, పాపమని పక్కకి పోతాయి" అన్నాడు.

"మొహంతో దున్నతాదా అన్నా?"

"నోట్లో పండ్లు లేవు. రేపు మేత నమలలేక చస్తే?"

"నానబెట్టి పెడదాం. కాళ్ళు బాగుండాయి."

"అన్నీ నీకే తెలుసు" అన్నాడు. దళారి నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. తర్వాత అన్న నన్ను పక్కకు తీసుకుపోయి అసలు సంగతి చెప్పాడు. "కలిగిరిలో మా బావ దగ్గర జత ఉండాది. మనకు ఇస్తాడు. సంతలో పీనుగులను కొనే ఖర్మ మనకేంది?"

ఆ మాటతో నాకు అంతా తెలిసిపోయింది. వదిన పుట్టిల్లు కలిగిరి. ఆమె అన్న దగ్గర ఒక సవారీ జత ఉండేది. తెల్లని ఒళ్ళు, మూపురం మీద నలుపు, కొనలు కలవబోయే కొమ్ములు. కరువుకు ముందు ఆ జత కట్టిన బండి గంటలు వినపడితే ఆత్మకూరు దారిలో జనం ముందే పక్కకు జరిగి నిలబడేవారు. తల తిప్పేలోపు దాటిపోతాయని చెప్పుకునేవారు. అన్న పెళ్ళికొడుకుగా ఆ బండిలో ఊరేగాడు. నన్ను బండి వెనక నడవమన్నారు, చోటు లేదని. బండిలో ఇద్దరు కూర్చునే చోటు ఉంది. ఆ దుమ్మంతా తిన్నది నేను. అన్న మనసు మాత్రం ఆ రోజునుంచి ఆ ఎద్దుల కొమ్ముల మధ్యే ఉండిపోయింది.

చుట్టుదారి అయినా కలిగిరి మీదుగా పోయాం. గోతం నేనే మోశాను.

బావ మమ్మల్ని చూడగానే మంచం వాల్చి అన్నను కూర్చోబెట్టాడు. నాకు అరుగు చూపించాడు. ఎద్దులను బయటికి తెప్పించాడు. నిజమే, చూడడానికి అవే ఎద్దులు. ఒళ్ళు నూనె రాసినట్టు మెరుస్తోంది. కొమ్ములకు కొత్తగా నూనె పట్టించారు. అన్న లేచి నిలబడ్డాడు, గుడిలో నిలబడినట్టు.

"కరువంతా కొట్టంలోంచి బయటికి తీయలేదు బావా" అన్నాడు వదిన అన్న. "మేం తినకపోయినా వీటికి ఉలవలు పెట్టినాం. పిల్లల్లాగా చూసుకున్నాం. నీకు కాబట్టి ఇస్తాండా."

"నాకు తెలవదా" అన్నాడు అన్న.

మా వైపు వియ్యాలవారి పశువును పరీక్ష చేయరు. నోరు తెరిచినా, కాలు ఎత్తినా ఆ ఇంటి మాటను నమ్మనట్టు లెక్క. ఆ సంగతి తెలిసే బావ తానే నోరు తెరిచి చూపించాడు. "చూడు బామ్మర్దీ, నువ్వు పెద్ద పరీక్షదారువంట గదా. మళ్ళీ బావ దాచినాడనేవు" అన్నాడు. పళ్ళు తెల్లగా, ఎత్తుగా ఉన్నాయి. ఎనిమిదేళ్ళ ఎద్దు నోరు. కాళ్ళు మాత్రం ఆయన ఎత్తి చూపించలేదు.

నేను ఎద్దులను తాకలేదు. మర్యాద తప్పానని అన్న తర్వాత ఊరంతా చెప్పాడు కాబట్టి ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను. వాన కురిసిన వాకిలి. మెత్తటి బురద. ఎద్దులు కొట్టంనుంచి వాకిట్లోకి నడిచిన అడుగులు అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. నేను ఆ అడుగులు చూశాను. ముందు కాలి అడుగుకు వెనక కాలి అడుగు జానెడు వెనకే పడింది. గిట్ట కొన బురదలో గీత గీసుకుంటూ పోయింది. కాలు ఎత్తలేని ఎద్దు ఈడ్చే గీత అది. ఎడమవైపుది, దాపటిది, మరీ ఎక్కువ. ఇంతలో ఈగ వాలితే అది కాలు విదిలించింది. గిట్ట పక్క వరసగా నల్లటి చుక్కలు కనిపించాయి. లాడం కొట్టిన మేకుల బొక్కలు. వాటిని మైనం, మసి కలిపి పూడ్చారు.

కొట్టంలో ఉన్న ఎద్దుకు లాడాలు దేనికి? ఆ రెండేళ్ళూ నెల్లూరినుంచి పైకి కరువు గింజలు బండ్ల మీద వచ్చాయి. రాళ్ళ రోడ్డు, దానికి మించిన బరువు. బండ్లకు కట్టిన ఎద్దులు రోడ్డు పక్కన పడి చచ్చేవి. లాగగలిగినవాటికి మాత్రం మేత దొరికేది, ఉలవలు దొరికేవి. అందుకే వీటి పళ్ళు అరగలేదు. అరిగింది కాళ్ళు. ఉలవలు తిన్న ఎద్దు ఆ కరువులో ఊరికే నిలబడదు. పరుగు కోసం పెంచిన సన్నకాళ్ళ జతను బస్తాల కింద తోలారు. తర్వాత లాడాలు ఊడదీసి, నాలుగు నెలలు నీడన కట్టి ఒళ్ళు చేయించారు.

నేను తుండుగుడ్డ తీసి అన్న దగ్గరికి పోయి చెయ్యి చాపాను. ఆయన తన చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"ఇక్కడ ఏందిరా అది? మనవాళ్ళ వాకిట్లో" అన్నాడు.

"ఒక్కసారి చెయ్యి ఇయ్యన్నా."

"సిగ్గు లేదా నీకు?"

బావ మంచం మీదనుంచే అన్నాడు, "ఇయ్యి బావా, ఇయ్యి. చేతిలో చెయ్యి పెట్టుకోకపోతే నీ తమ్ముడికి నిద్ర పట్టదేమో. పెళ్ళి చేయరాదూ?"

ఆడవాళ్ళు లోపలినుంచి నవ్వారు. ఎవరూ నాకు చెయ్యి ఇవ్వలేదు. ఇంట్లో కుండ ఉంది, కుండ పక్కన అమ్మ ఉంది, చేను ఆరిపోతోంది. అప్పుడు నోటితో చెప్పాను.

"ఇది వయసుకు ఎనిమిదేండ్లది. నడకకు పదహారేండ్లది. నెల్లూరి రోడ్డంతా దీని కాళ్ళల్లో ఉండాది. నాగలికి కడితే చాల్లో పండుకుంటాది."

వదిన తల్లి లోపలినుంచి పరుగున వచ్చి ఎద్దు రెండు చెవులూ తన చేతులతో మూసింది. అప్పటికే చెప్పడం అయిపోయింది. ఆమె అలాగే చెవులు పట్టుకుని నన్ను చూస్తూ నిలబడింది. బావ లేచి, "నీ తమ్ముడిని తీసుకొని పో బావా. ఎద్దులు కావాలంటే పలుపు పట్టుకో, వద్దంటే మంచిది" అన్నాడు. అన్న పలుపు పట్టుకున్నాడు. గోతం విప్పి అక్కడ పెట్టింది నేనే. గంగాళాన్ని బావ వేళ్ళతో కొట్టి చూశాడు, చిల్లి ఉందేమోనని. దాన్ని పరీక్ష చేయవచ్చు కాబోలు.

ఇంటికి చేరేదాకా అన్న పలుపు వదలలేదు. దారిలో ఎక్కడో గంటలు సంపాదించి ఎద్దుల మెడకు కట్టాడు. ఊళ్ళోకి పోయేటప్పుడు జనం బయటికి వచ్చి చూశారు. అన్న మొహం పెళ్ళినాటి మొహంలా ఉంది. అమ్మ ఎద్దులకు పసుపు పెట్టి, నన్ను చూసి, "ఏమిరా అట్లుండావు?" అంది. నేను చెప్పలేదు. అన్న చెప్పాడు, తనకు కావలసినట్టు.

మరునాడు పొద్దున్నే చేలోకి పోయాం. అన్న నాగలి పట్టాడు. వదిన వెనక చాల్లో గింజలు వదులుతోంది. నన్ను ఎద్దుల దగ్గరికి రావద్దని, గట్టు మీద ముళ్ళకంప కొట్టమన్నాడు. రేగడి తడిస్తే కాలిని వదలదు. మొదటి పూట జత బాగానే లాగింది. అన్న నాకు వినపడేలాగా పాట పాడాడు. మధ్యాహ్నానికి దాపటిది మలుపులో ఆగడం మొదలుపెట్టింది. వెనక కాళ్ళు వణుకుతున్నాయి. నేను గట్టు మీదనుంచి, "విప్పు అన్నా, రేపు దున్నుదాం" అన్నాను.

"నువ్వు నోరు మూసుకో" అన్నాడు. ముల్లుకర్ర వాడాడు.

రెండోరోజు చేను సగం దాటాక దాపటిది ముందు మోకాళ్ళ మీద కూలబడింది. తర్వాత పక్కకు వాలింది. కాడి మెడ మీద మెలిపడి రెండో ఎద్దును కూడా లాగింది. అన్నా నేనూ పట్టీలు కోసి విడిపించాం. దాపటిది తల ఎత్తి చూసింది, లేవడానికి రెండుసార్లు ప్రయత్నించింది. వెనక కాళ్ళు బురదలో ఈత కొట్టినట్టు కొట్టుకున్నాయి. సాయంత్రానికి తల కూడా ఎత్తలేదు. అది పోయేసరికి ఊళ్ళోవాళ్ళు చుట్టూ చేరి ఉన్నారు. అన్న వాళ్ళందరి ముందూ నావైపు చెయ్యి చూపించాడు.

"వీడు చెప్పినాడు, చాల్లో పండుకుంటాదని. దాని ముందే చెప్పినాడు. అది విన్నాది."

నేను చెప్పింది నిజమైందని అందరూ ఒప్పుకున్నారు. అదే నేరమైంది. ఎనిమిదేళ్ళని కూడా చెప్పాను, అది వినలేదా అని అడిగాను. రెండూ పక్కపక్కనే నిలబడి ఉన్నాయి, రెండోదానికి చెవులు లేవా అని అడిగాను. "చూడు, ఇంకా మాట్లాడతాండాడు" అన్నారు.

సగం చేను మిగిలింది. ఊళ్ళో జత ఉన్నవాళ్ళు తమ పదును తాము చూసుకుంటున్నారు, ఎవరూ ఇవ్వరు. రెండో ఎద్దు పక్కన కాడి కింద నేను మెడ పెడతానన్నాను. "నీ చెయ్యి పడితే అది కూడా పోతాది" అన్నాడు అన్న. ఆయనా వదినా పారలతో కొంత తవ్వి గింజలు వేశారు. రెండు చాళ్ళంత కూడా కాలేదు. ఎండ కాసింది. రేగడి నెర్రెలిచ్చింది. మిగిలిన విత్తనాలను అమ్మ కుండలోంచి తీసి దంచింది. అవి తినేటప్పుడు ఎవరూ ఎవరి మొహం చూడలేదు.

బావ పరామర్శకు వచ్చాడు. చచ్చిన ఎద్దు కోసం కంటనీరు పెట్టాడు. "పిల్లోడిలాగా పెంచినాం" అన్నాడు. నేను అడిగాను, "దాని గిట్టల్లో మైనం ఎవరు పెట్టినారు బావా?" ఆయన అన్నవైపు చూసి, "ఇంకా మారలేదే" అన్నాడు. వదిన నా ముందున్న గంజి ముంత తీసుకుని లోపలికి పోయింది.

సంక్రాంతి దాటకముందే అన్న వేరు పోతానన్నాడు. పెద్దమనుషులు కూర్చున్నారు. గింజ పడిన సగం అన్నకు, పడని సగం నాకు. చేను బీడు పడింది నా నోటివల్ల కాబట్టి అది నాకే రావాలన్నాడు. నేను వాదించలేదు. ఒకటే అడిగాను. చచ్చిన ఎద్దు తోలు పోయింది, గిట్టలు పోయాయి. రెండోది బతికే ఉంది, వాకిట్లో కట్టేసి ఉంది. దాని కాలు ఒక్కటి ఎత్తి చూడండి, మేకు బొక్కలు ఉన్నాయో లేవో చెప్పండి, ఆ తర్వాత మీ ఇష్టం అన్నాను.

పెద్దమనుషుల్లో ఒకాయన నాయనతో కలిసి సంతలు తిరిగినవాడు. ఆయన లేవబోయాడు. "వియ్యాలవారి ఎద్దు అది" అన్నాడు అన్న. ఆయన మళ్ళీ కూర్చుని తలపాగా సర్దుకున్నాడు.

అమ్మ అన్నతో ఉండిపోయింది. గింజ పడిన చేను అటువైపు ఉంది కాబట్టి ఆమెను అక్కడే ఉండమని నేను కూడా అన్నాను. నేను బయలుదేరేటప్పుడు వాకిటిదాకా వచ్చి, "నువ్వు చెప్పింది నిజమేరా. ఆ ఎద్దును చూసిన పొద్దే నాకు తెలిసింది" అంది.

"మరి నలుగురిలో చెప్పలేదేమమ్మా?"

"చెప్పి యాడ ఉండాల నేను?" అంది.

నేను ఆత్మకూరు వైపు పోయి రోడ్డు పనిలో రాళ్ళు కొట్టడానికి కుదిరాను. ఆ ఏడు అన్న చేను మోకాలెత్తు పెరిగి వెన్ను వేసింది. అమ్మ ఆ జొన్నలు తిన్నది. కోతల తర్వాత పోయింది. నాకు కబురు మూడోరోజుకు వచ్చింది.